లాయరు కాదు బాబూ, లసానా దియారా

2024 అక్టోబర్‌లో దియారా కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు తీర్పు వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒకడు ఆ వార్త పెట్టి, "ఎవరీ దియారా? లాయరా?" అని అడిగాడు. ఒళ్ళు మండింది. లసానా దియారా ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన ఆటగాళ్ళ బదిలీ నిబంధనల్లో కొన్ని యూరోపియన్ యూనియన్ చట్టానికి విరుద్ధమని తేల్చిన కేసు అది, చిన్నదేం కాదు. కానీ మనిషి అన్నేళ్ళు గ్రౌండులో చేసిన పనంతా ఎటో పోయి, చివరికి పేరు కోర్టు ఫైలు మీద మిగలడమేంటి?

నేను అతని ఆట శ్రద్ధగా చూసింది స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌లో. 2009 జనవరిలో వచ్చాడు. అప్పటికే అక్కడ మహమదూ దియారా అని ఇంకో ఆటగాడు ఉన్నాడు కాబట్టి ఇతని జెర్సీ మీద 'లాస్' అని వేసేవారు. అంటే ఇంటిపేరు కూడా దక్కలేదు. 2010-11లో మాత్రం వీపు మీద 10 నంబర్! మాయలు చేసేవాళ్ళు వేసుకునే నంబర్ అది. ఇతనిదేమో ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కునే చాకిరీ. చాలామంది నవ్వుకున్నారు, నాకు ముచ్చటేసింది.

డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్, అంటే డిఫెన్స్ ముందు నిలబడి ఎదుటి దాడిని ఆపేవాడు, అనగానే అడ్డంగా నిలబడి గుద్దేసే భారీ మనిషే గుర్తొస్తాడు మనకి. లాస్‌ది చిన్న ఒళ్ళు. బలమంతా ఒడుపులో ఉండేది. ఎదుటివాడికి పాస్ వస్తుంటే మీదికి పోడు, రెండు గజాలు వదిలేస్తాడు. వాడు ఖాళీ ఉందనుకుని బంతి అందుకుంటాడు. అది కాలి నుంచి జానెడు జరుగుతుంది చూడండి, ఆ జానెడులోకి లాస్ కాలు దూరిపోతుంది. నేల మీద జారిపడకుండా నిలబడే లాగేస్తాడు కాబట్టి మరుక్షణం బంతితో ముందుకురుకుతాడు. నోటిదాకా వచ్చిన ముద్ద పోయినవాడిలా ఆ ఎదుటివాడు ఇంకా కిందికే చూస్తుంటాడు.

2005లో ఫ్రాన్స్ క్లబ్బు లె ఆవ్ర్ నుంచి ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీకి తెచ్చి, అక్కడి పేరున్న డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌తో పోల్చి 'రేపటి మకెలెలే' అన్నారు. నన్నడిగితే ఆ పోలికే అతనికి చేటు చేసింది. మకెలెలే బంతి తీసి పక్కవాడి చేతిలో పెట్టినట్టు ఇచ్చేసే కాపలాదారు. లాస్ దాన్ని పట్టుకుని తనే నలుగురిని దాటాలనుకునే రకం. పైగా కోపిష్టి, ఎల్లో కార్డులకూ కొదవలేదు.

"ఒక చోట కుదురుగా ఉండడు" అన్నదే అందరి ఫిర్యాదు. ఇంగ్లండ్‌లోనే 2007 ఆగస్టు ఆఖర్లో ఆర్సెనల్, 2008 జనవరికల్లా పోర్ట్స్‌మత్ క్లబ్బు. ఆడించకపోతే బెంచీ మీద కూర్చుని మెల్లగా తుప్పు పట్టాలా? పోర్ట్స్‌మత్ వెళ్ళాడు, ఆ మేలోనే ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ ఎత్తాడు. మాడ్రిడ్‌తో 2012లో స్పెయిన్ లీగ్ కూడా గెలిచాడు. తర్వాత రష్యాలో అంజీ క్లబ్బుకి వెళ్ళింది డబ్బు కోసం కాదని మాత్రం నేను వాదించను.

అక్కడి నుంచి లోకోమోటివ్ మాస్కోకి వెళ్ళాడు, జీతం దగ్గర గొడవైంది, 2014లో క్లబ్బే కాంట్రాక్టు రద్దు చేసింది. తిరిగి ఇతనే క్లబ్బుకి కోటి యూరోలకు పైగా కట్టాలని ఫిఫా తేల్చింది. తీసుకునే క్లబ్బు కూడా ఆ బాకీలో భాగం మోయాలన్న నిబంధన ఉండటంతో అతన్ని తీసుకోవాలనుకున్న బెల్జియం క్లబ్బు షార్లెరువా వెనక్కి తగ్గింది. పని చేతనైనవాడు సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. కోర్టుకి పోక ఏం చేస్తాడు?

అదృష్టం సంగతి చెప్పక్కర్లేదు. 2010 ప్రపంచకప్ ముందు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త సమస్యతో ముడిపడ్డ అనారోగ్యంతో ఫ్రాన్స్ జట్టుకి దూరమయ్యాడు. 2015 నవంబర్ 13న పారిస్ దగ్గరి స్టాడ్ ద ఫ్రాన్స్ స్టేడియంలో ఫ్రాన్స్ తరఫున జర్మనీ మీద ఆడుతున్నాడు. అదే రాత్రి పారిస్ ఉగ్రవాద దాడుల్లో అతని దగ్గరి బంధువు చనిపోయింది. సొంతగడ్డ మీద 2016 యూరో టోర్నీకి (యూరప్ దేశాల జట్ల కప్) పిలుపొస్తే గాయంతో అదీ పోయింది.

ఇదంతా చెప్పి, మాడ్రిడ్ రోజుల్లో అతను బంతులు లాక్కున్న మూడు నిమిషాల వీడియో గ్రూపులో పెట్టాను. మావాడు మొత్తం చూశాడట. "బాగుంది గానీ, గోల్ ఏ నిమిషంలో వస్తుంది?" అని అడిగాడు.