మెయిల్‌లోని నా మారుపేరుకు, లవ్లీరాజా143 వ్రాయునది

మహారాజశ్రీ కార్యదర్శి అనే మారుపేరు చిరునామా వారికి, అదే పెట్టెలో మకాం ఉంటున్న అసలు చిరునామా నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ నీ క్షేమం అడగక్కర్లేదు. నీ ఉత్తరాల్లో సగం స్పామ్‌లో పడి ఉంటున్నాయని తెలుసు.

మీరు అనాలో నువ్వు అనాలో మొదట తేలలేదు. పదవిని చూస్తే మీరు అనాలి. కానీ నీ పాస్‌వర్డ్ పెట్టింది నేనే, మర్చిపోయిందీ నేనే. కాబట్టి నువ్వనే అంటాను.

నా పుట్టుక నీకు తెలిసిందే. 2004లో ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు 20 రూపాయలు ఇచ్చి కూర్చున్నాను. నా పేరు కొడితే ఇంకెవరో తీసేసుకున్నారంది. వెనక నిలబడినవాడు "అయ్యిందా బాసూ" అంటున్నాడు. ఆ కంగారులో లవ్లీరాజా అని కొట్టాను. అదీ పోయిందట! ఈ లోకంలో ఇంకో లవ్లీరాజా ఉన్నాడని అప్పుడే తెలిసింది. చివర 143 తగిలించాను, దొరికింది. ఆ 143 ఎవరి కోసమో ఇక్కడ చెప్పను, మా ఆవిడ ఈ లేఖ చదువుతుంది. ఐదు నిమిషాల్లో పెట్టుకున్న ఆ పేరు తర్వాత బ్యాంకుకీ, పాన్ కార్డుకీ, గ్యాస్ కనెక్షన్‌కీ, పిల్లల స్కూలుకీ పాకిపోయింది. ఇప్పుడు మార్చాలంటే ఒక్కో కౌంటర్ దగ్గరా నిలబడి "పాత మెయిల్ ఏంటి సార్?" అని అడిగితే పైకి చదివి వినిపించాలి. అందుకే మార్చలేదు.

అలాంటివాణ్ని హైదరాబాద్‌లో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని చేశారు. "బకాయి చెల్లించని యెడల తగు చర్య తీసుకోబడును" అనే నోటీసు లవ్లీరాజా143 నుంచి వెళితే ఎవరు కడతారు? అందుకే సంఘం పేరుతో డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో సొంత పేరు, కొని నిన్ను పుట్టించాను. ఒక్కడివి ఏం బాగుంటావని ఖాతాలు, ఫిర్యాదులు, నిర్వహణ అని ఇంకో ముగ్గురు తమ్ముళ్లను కూడా. నలుగురి ఉత్తరాలూ మీ పెట్టెల నుంచి దారి మళ్లి వచ్చి పడేది నా ఒక్క పెట్టెలోనే.

నిజం చెప్పొద్దూ, ఆ మొదటి నెల నా జీవితంలో స్వర్ణయుగం. లిఫ్టు ఆగిందని ఎవరో ఫిర్యాదులకు రాశారు. "మీ ఫిర్యాదును నిర్వహణ విభాగానికి పంపించాం" అని జవాబిచ్చాను. పంపించాను కూడా, పద్ధతి అంటే పద్ధతే. నిర్వహణ విభాగం రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నీ హోదాలో దానికి మెమో ఇచ్చాను. అది చదువుకుంటే నాకే మనసు చివుక్కుమంది. లిఫ్టు మాత్రం మెకానిక్ వచ్చాకే కదిలింది.

మారుపేర్లు మనకు కొత్తవేం కావు. బడి రిజిస్టర్లో తాతగారి పేరు, ఇంట్లో బుజ్జిగాడు. రచయిత్రుల సీరియళ్లకు గిరాకీ ఉన్న రోజుల్లో మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని వారపత్రికలకు రాశారు. వాళ్లెవరినీ ఆరంకెల కోడ్ చెప్పమనలేదు. నిన్ను మాత్రం కంప్యూటర్ వాళ్లు అలియాస్ అంటారు. మన పేపర్లలో ఆ మాట కనబడితే పక్కనే పోలీసులు, ముందు వరసలో ముసుగేసిన మనిషి ఉంటారు. పేరు విన్నప్పుడే జాగ్రత్తపడాల్సింది.

ఎందుకంటే నీ పేరున ఉత్తరం అందుకోవడం ఎంత తేలికో, నీ పేరున పంపడం అంత కష్టం. ముందు సులువు దారి చూశాను. జీమెయిల్ లాంటి వాటిలో ఉన్న పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం మనకే చేరుతుంది. ఖర్చు లేదు, డొమైన్ అక్కర్లేదు. కానీ అప్పుడు నా హోదా లవ్లీరాజా143 ప్లస్ కార్యదర్శి అవుతుంది. సినిమా పోస్టర్ మీద హీరో పేరులా ఉందని మానుకున్నాను.

తర్వాత మెయిల్ ప్రోగ్రాం సెట్టింగుల్లోకి వెళ్లాను. ఇంకో చిరునామా పేరున పంపే ఏర్పాటును థండర్‌బర్డ్‌లో ఐడెంటిటీ అంటారు, జీమెయిల్‌లో సెండ్ మెయిల్ యాజ్ అంటారు. నేను వాడేది ఏదో చెప్పను, తప్పు నాది. నీ పేరు రాశాను, పంపే సర్వర్ దగ్గర మాత్రం పాతదే వదిలేశాను. నోటీసు వెళ్లింది. అందుకున్నవాళ్ల తెర మీద ఏం కనబడిందో తెలుసా? "కార్యదర్శి తరఫున లవ్లీరాజా143."

ఇదెవరి కుట్ర అని వెతికితే సంగతి చాలా పాతదని తేలింది. ఉత్తరం ఎవరిది అనే ఫ్రమ్, చేత్తో పంపింది ఎవరు అనే సెండర్, ఈ రెండూ వేర్వేరని 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ఇంటర్నెట్ నిబంధనల పత్రంలోనే రాసిపెట్టారు. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 దానికి ఉదాహరణ కూడా ఇచ్చింది. ఎవరి ఉదాహరణ అనుకున్నావు? సెక్రటరీదే! అయ్యగారి ఉత్తరాన్ని సెక్రటరీ పంపితే అయ్యగారి పేరు ఫ్రమ్‌లో, సెక్రటరీ పేరు సెండర్‌లో ఉండాలట. ఆ లెక్కన నువ్వు అయ్యగారివి, నేను నీ గుమాస్తాని. నిన్ను కన్నవాణ్ని నేను.

సరే, పద్ధతిగానే చేద్దామని సంఘం డొమైన్ తాలూకు ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్, అంటే ఉత్తరాలు పంపే సర్వర్ పేరు, పోర్టు 587, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్నీ ఇచ్చాను. ఈ చిరునామా నీదేనని రుజువు చేసుకో, దానికే కోడ్ పంపాం అంది. అంటే నేనే కార్యదర్శినని కార్యదర్శి నాకు చెప్పాలి. కోడ్ నీ పెట్టెలో ఉంది. నీ పెట్టె నుంచి నాకు ఉత్తరాలు రావడం ఆ వారమే ఆగిపోయింది. నేరుగా తెరుద్దామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. మార్చుకుందామంటే కొత్త పాస్‌వర్డ్ లింకును నీకే పంపుతానంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసిన మా అత్తగారిని ఇరవై ఏళ్లుగా ఆటపట్టిస్తున్నాను. ఇకమీదట ఆ హక్కు నాకు లేదు.

నాలుగు రోజులకు లోపలికి వచ్చాను. అప్పుడు మొదలైంది స్పామ్ గొడవ. మా పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఫలానా సర్వర్లకే ఉందని డొమైన్ యజమాని ముందే ఒక జాబితా ప్రకటించాలి, దాని పేరు ఎస్‌పీఎఫ్. ఉత్తరానికి లక్కముద్ర లాంటిది డీకిమ్. ఈ రెండిట్లో ఒక్కటీ ఫ్రమ్‌లోని డొమైన్ పేరుతో కుదరకపోతే ఆ ఉత్తరాన్ని లోపలికి రానివ్వాలా, గెంటేయాలా అని చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వాళ్లు దీన్ని గట్టిగా పట్టుకున్నారు. గూగుల్ లెక్కలో జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5000 లేదా అంతకుమించి పంపేవాళ్లకైతే మూడూ ఉండాల్సిందే. మనకంత భయం అక్కర్లేదు. ఒక్కో ఫ్లాటుకు రోజుకు నూటికి పైగా నోటీసులు ఇస్తే తప్ప ఆ లెక్క చేరం. కనీసం ఒక్కటైనా ఉండాలి కదా అని ఎస్‌పీఎఫ్ రాశాను. ఒక చుక్క తప్పు పడింది. దాంతో సంఘానికి సంఘమే సంఘం పేరు వాడుకునే అర్హత కోల్పోయింది.

నా ఒళ్లు మండేది ఇక్కడే. ఇంత రుజువు నేను చూపించాక కూడా, ఎవడో దొంగ ఏదో ఊరూ పేరూ లేని చిరునామా తెరిచి, పైన కనబడే పేరు దగ్గర "మీ బ్యాంకు" అని కొడితే చాలు. ఫోన్‌లో చాలాసార్లు ఆ పేరే కనబడుతుంది, వెనకున్న చిరునామా నొక్కి చూస్తేగానీ తెలియదు. వాడి ఉత్తరం ఇన్‌బాక్స్‌లో, నా నీళ్ల బిల్లు స్పామ్‌లో!

అన్నీ సరిచేశాక ఒక్క గడి మిగిలింది. ఉత్తరం ఏ చిరునామాకు వచ్చిందో జవాబు కూడా అక్కడి నుంచే వెళ్లాలా, లేక ఎప్పుడూ మొదటి చిరునామా నుంచేనా అనేది. దాన్ని నేను చూడలేదు.

ఏప్రిల్‌లో ట్యాంకర్ల లెక్కలో 1,200 రూపాయల తేడా ఉందని 302 మాస్టారు ఖాతాలకు రాశారు, 48 ఫ్లాట్లకూ కాపీ పెట్టి. రాత్రి పదకొండున్నరకు పడుకునే ముందు జవాబు కొట్టాను. "సంఘం ఖాతాల విభాగం మీ లెక్కను క్షుణ్ణంగా పరిశీలించింది. తేడా మా లెక్కలో లేదు, మీ కూడికలో ఉంది." అందరికీ వెళ్లింది. పైన పేరు: లవ్లీ రాజా.

నవ్వుతారనుకుని తెల్లవారి లిఫ్టు మానేసి మెట్లు దిగాను. ఎవరూ నవ్వలేదు. నా అసలు పేరు అందులో ఎక్కడా లేదు కదా! పైగా విభాగాలున్నాయని నేనే నమ్మించాను. ఖాతాల విభాగంలో కొత్తగా గుమాస్తాను పెట్టుకున్నారని అందరూ ఖాయం చేసేసుకున్నారు. జీతమెంత, ఎవరిని అడిగి పెట్టారు, ఎవరి బంధువు అని కింద పార్కింగ్‌లో చర్చ. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో అది మూడో అంశం.

ఇవాళ పొద్దున ఫిర్యాదుల చిరునామాకు మాస్టారి ఉత్తరం వచ్చింది.

"ఫిర్యాదుల విభాగం వారికి, మీ ఖాతాల విభాగంలోని లవ్లీ రాజా అనే కుర్రాడికి పెద్దల పట్ల మర్యాద లేదు. లెక్కలు కూడా రావు, నా కూడిక సరైనదే. అతని మీద చర్య తీసుకుని నాకు తెలియజేయగలరు."

మళ్లీ కూడి చూశాను. మాస్టారిదే రైటు.

జవాబు రాద్దామని కూర్చుని ఫ్రమ్ గడి నొక్కాను. ఐదు పేర్లు కిందికి దిగి వరసగా నిలబడ్డాయి. అరగంటగా చూస్తున్నాను. మెమో ఇవ్వాల్సింది నువ్వు. క్షమాపణ రాయాల్సింది ఖాతాలు. తిరుగుటపాలో నీ సలహా కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
నీ విధేయుడు,
లవ్లీరాజా143,
గుమాస్తా, ఖాతాల విభాగం (విచారణ పూర్తయ్యేవరకు సస్పెన్షన్‌లో)