రెండు రోజుల్లో రాతియుగం

మన పూర్వీకులకు టైం మేనేజ్‌మెంట్ తెలియదు. పెద్దల్ని తప్పుపట్టడం ఇష్టంలేక ఇన్నాళ్లూ ఎవరూ ఈ మాట బయటికి అనలేదు. నగరాల్లో శని, ఆదివారాలు నడిచే ‘ఆదిమ అల్లికల వర్క్‌షాప్’ కరపత్రం చూస్తే మాత్రం ఒప్పుకోక తప్పదు. శనివారం పొద్దున తాడు పేనడం, భోజనాలయ్యాక చాప, ఆదివారం బుట్ట, సాయంత్రం ఐదింటికి సర్టిఫికెట్. మానవజాతి వేల ఏళ్లు సాగదీసిన సిలబస్‌ను మనవాళ్లు రెండు టీ బ్రేకులతో ముగిస్తున్నారు.

అవతల స్పెయిన్‌లో అల్బుణోల్ దగ్గర గబ్బిలాల గుహలో దొరికిన బుట్టలు చూడండి. కొన్నిటి వయసు 9,500 ఏళ్లు. అల్లింది ఎస్పార్టో అనే మొండి గడ్డితో. ఆ గడ్డితో పనిచేసేవాళ్ల పద్ధతి ఏమిటంటే, కోశాక మూడు నాలుగు వారాలు ఎండబెట్టి, మళ్లీ ఒక రోజంతా నానబెట్టి, అప్పుడు అల్లిక మొదలెట్టడం. ఎండబెట్టింది మళ్లీ తడపడమెందుకని మేనేజ్‌మెంట్ చదివినవాడెవడైనా అడుగుతాడు.

అడగాల్సిందే. దానికి మన తుంగ దగ్గర జవాబుంది. పచ్చితుంగ ఎండేకొద్దీ సన్నబడుతుంది. పచ్చిగా అల్లితే అల్లినరోజు బుట్ట బిగువుగానే ఉంటుంది, కొన్నాళ్లకు వరసల మధ్య వేలు దూరుతుంది. అందుకే ముందు నీడన ఎండనిచ్చి, అల్లే ముందురోజు రాత్రి నీళ్లు చిలకరించి తడిగోనెలో చుట్టి ఉంచాలి. తొట్టిలో పడేసి మర్చిపోతే జిగటగా మారి నల్లబడుతుంది. వర్క్‌షాపులో ఈ తలనొప్పి లేదు. వేలు దూరే సందుకు అక్కడ ‘ఆర్గానిక్ లుక్’ అని పేరు పెట్టేశారు.

ముడిసరుకు విషయంలోనూ పురోగతి కనిపిస్తోంది. కిట్‌లో రాఫియా, కిత్తనార ఇస్తున్నారు. రాఫియా ఆఫ్రికా తాటిజాతి చెట్ల ఆకు పీచు. కిత్తనార మొక్క సొంతవూరు మెక్సికో వైపు, మన దేశానికి వచ్చింది ఓడలెక్కి. దక్కన్ రాతియుగంలో ఈ రెండూ దొరక్కపోవడం అప్పటి సప్లై చెయిన్ లోపంగానే భావించాలి.

ఇక్కడిదే కావాలని పట్టుబట్టేవాళ్లకు జనుము ఉంది. అయితే దానికి ఆదివారంతో పనిలేదు. పూతమీద కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా రెండు రోజులు వదిలేయాలి. తర్వాత కదలని నీళ్లలో పూర్తిగా మునిగేలా పైన బరువు పెట్టాలి. నీళ్లు వెచ్చగా ఉంటే వారం లోపే ఊరుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. మూడోనాటి నుంచి వచ్చే కంపు గురించి ఏ రిసార్ట్ మేనేజర్‌తోనూ చర్చించకపోవడం మంచిది. ఆ కంపు ఉంటేనే పని జరుగుతున్నట్టు. నారను పుల్లకు అంటిపెట్టే బంకను నీళ్లలోని సూక్ష్మజీవులు తింటుంటాయి. రోజూ ఒక కాడ తీసి మొదలు దగ్గర ఒలిచి చూడాలి. నార పుల్లమీద నుంచి కొసదాకా జారివస్తే అదే రోజు ఒడ్డుకు లాగాలి. ముందే లాగితే బెరడు పెచ్చులు వదలవు. ఆలస్యమైతే బంకతోపాటు నార బలమూ పోయి, పేనుతుండగానే తెగుతుంది. ఇంత అనిశ్చితి ఉన్న ప్రాసెస్‌కు ఎవరైనా అడ్వాన్స్ బుకింగ్ తీసుకోగలరా?

తాడు సంగతికొద్దాం. ఫ్రాన్స్‌లో అబ్రి దు మరాస్ అనేచోట ఎప్పుడో అంతరించిన నియాండర్తల్ జాతి మనిషి పేనిన తాడు ముక్క ఒకటి దొరికిందని 2020లో ప్రకటించారు. పొడవు 6.2 మిల్లీమీటర్లు, వయసు 40 వేల ఏళ్ల పైమాటే. మూడు పోగులు. ఒక్కో పోగును ఒక దిక్కుకు మెలేసి, మూడింటినీ కలిపి ఎదురు దిక్కుకు పేనాడు. తాడు రహస్యమంతా ఆ ఎదురులోనే ఉంది. విడిపోదామని చూసే మెలికలు ఒకదాన్నొకటి పట్టుకు ఆపుతాయి. పోగునూ తాడునూ ఒకే దిక్కుకు తిప్పితే చెయ్యి వదలగానే తాడు మళ్లీ నారైపోతుంది. శనివారం పదకొండు గంటలకు హాలంతా జరిగేది ఇదే. నుదురు వాలుగా, బుర్ర మందంగా ఉంటుందని మనం నవ్వుకున్న ఆ మనిషి దీన్ని సర్టిఫికెట్ లేకుండా ఎలా సాధించాడో ఆర్గనైజర్లు వివరించాలి.

ఇంకో చిక్కు, అతుకు. నారను సరిగ్గా సగానికి మడిచి మొదలుపెడితే రెండు పోగులూ ఒకేచోట అయిపోతాయి, రెండు అతుకులూ పక్కపక్కనే పడతాయి, లాగితే అక్కడే ఊడుతుంది. మూడోవంతు దగ్గర మడవాలి. ఒక పోగు సన్నబడుతున్నప్పుడే, అంటే పూర్తిగా అయిపోకముందే, కొత్తనార జోడించాలి. కరపత్రంలో ఇది లేదు, ఫొటోకు నిలబడే ముందు తాడు లాగిచూడొద్దన్న సూచన మాత్రం ఉంది.

ఆదివారం బుట్టలో అసలు గొడవ లెక్కలది. అడుగున ఎనిమిది నిలువు ఊచలు పరిచి ఒక్క పోగుతో కిందికీ పైకీ అల్లుకుపోతే, రెండో చుట్టులోనూ అదే ఊచ కిందికి, అదే ఊచ పైకి వస్తుంది. చుట్లు పేరుకుంటాయి గానీ అల్లిక పట్టదు. ఊచలు బేసి సంఖ్యలో ఉండాలి. లేదంటే ఒక ఊచను నిలువునా చీల్చి రెండు చేసుకోవాలి, లేదా రెండు పోగులు పట్టుకుని ప్రతి ఊచ దగ్గరా మెలేసుకుంటూ జంటల్లిక అల్లాలి. దీనికి సరి, బేసి పట్టింపులేదు. ఈ మూడూ వదిలేసి వర్క్‌షాపు నాలుగో దారి పట్టింది: హాట్ గ్లూ గన్. ఇంతవరకూ ఏ తవ్వకాల్లోనూ బయటపడని పనిముట్టు ఇదొక్కటే.

వెదురును మాత్రం సిలబస్‌లోంచి తీసేశారు. కారణం భద్రత అన్నారు, అందులో నిజముంది. బొంగు చీల్చేటప్పుడు చీలిక ఒక పక్కకు జారుతుంది, ఒక బద్ద లావుగా, ఇంకోటి సన్నగా వచ్చి మధ్యలో తెగుతుంది. లావుపక్కను ఎక్కువ వంచితే చీలిక మళ్లీ నడిమికి వస్తుంది. ఏ మేదరి ఇంటి ముందు నిలబడినా ఈ పని రోజంతా ఉచితంగా చూడొచ్చు. లేతబొంగు పనికిరాదనీ, రెండు మూడేళ్లు ముదరనివ్వాలనీ, వానలు వెళ్లాక కొట్టిందైతే తొందరగా పురుగు పట్టదనీ కూడా అక్కడే చెబుతారు. అయితే ఆయన దగ్గర స్లైడ్లు లేవు. చేట బేరమాడేవాళ్లే గానీ ఆయన్ని ‘మెంటర్’ అన్నవాళ్లూ లేరు. కాబట్టి ఫ్యాకల్టీగా అర్హుడు కాడని కమిటీ తేల్చింది.

చివరగా, బుట్టను ఇంటికి తీసుకెళ్లేవారికి. మృతసముద్రం దగ్గర మురబ్బాత్ గుహలో మూతతో సహా దొరికిందని 2021లో ప్రకటించిన బుట్ట దాదాపు 10,500 ఏళ్లు నిలిచింది. అక్కడి గాలిలో తేమ లేదు, మన జులైలో కావలసినంత ఉంది. షోకేసులో మూసిపెట్టకుండా గాలి తగిలేచోట వేలాడదీయండి. బూజు కనిపిస్తే పొడిబ్రష్‌తో దులిపి ఎండలో పెట్టండి, తడిగుడ్డతో తుడిస్తే మరింత పాకుతుంది. అప్పటికీ పోకపోతే ‘పురాతన ఫినిష్’ అని క్యాప్షన్ పెట్టుకోండి. అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో అది చేసి చూపించడానికి వేరే ఫీజు ఉంది.