కింద కోత భయం.. పొట్ట కోతకు దారి

తొలిచూలు గర్భిణిని ఏడో నెల దాటాక కాన్పు గురించి కదిపి చూడండి. నొప్పుల మాట కంటే ముందు ‘కుట్లు’ అన్న మాట వస్తుంది. ‘కింద కోస్తారట కదా, మత్తు కూడా ఇవ్వరట కదా, నెల్లాళ్లు కూర్చోలేమట కదా’ అని అడుగుతుంది. అక్కో, వదినో, పక్కింటి పిన్నో చెప్పిన మాటలవి. డాక్టరును అడగాలంటే సిగ్గు. ధైర్యం చేసి అడిగినా ‘అవన్నీ మేం చూసుకుంటాంలేమ్మా’ అన్న జవాబుతోనే తిరిగి రావాలి. కొన్నాళ్లకు ఇంట్లో మాట మారిపోతుంది: ‘ఆ బాధంతా ఎందుకు, పెద్దాపరేషనే చేయించేద్దాం.’

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులనే విడిగా చూస్తే 81.5 శాతం. ముహూర్తాలు, ఆస్పత్రుల ఆదాయం, రాత్రంతా నొప్పుల దగ్గర కూర్చునే సిబ్బంది లేకపోవడం అంటూ దీనికి చాలా కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే. కింద కోస్తారన్న భయాన్ని మాత్రం ఎవరూ ఈ లెక్కలో వేయరు. వేసినా ‘ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు’ అని కొట్టిపారేస్తారు. ఆ భయానికి ఆధారం ఉంది. లేబర్ రూమ్‌లో నిజంగా జరిగే పనిని చూసి, విని ఆడవాళ్లు భయపడుతున్నారు. ఆ పని తీరు మారకుండా ఎంత కౌన్సెలింగ్ ఇచ్చినా భయం పోదు. ఎలా మారాలో వైద్యశాస్త్రానికి 30 ఏళ్లుగా తెలుసు.

చిరిగేది ఎక్కడ, ఎంత?

యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్యనున్న కండరాల భాగాన్ని పెరీనియం అంటారు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు సాగేది ఇదే. గడ్డం ఛాతీకి ఆనించుకుని తల వంచి వచ్చే బిడ్డకు దాదాపు 9.5 సెంటీమీటర్ల దారి చాలు. ముఖం పైకి తిరిగి, తల సరిగా వంచకుండా వచ్చే బిడ్డకు 11.5 సెంటీమీటర్ల వరకూ కావాలి. ఆ రెండు సెంటీమీటర్ల తేడాలోనే చాలా చిరుగులు పుడతాయి. తొలి కాన్పు, 4 కిలోలు దాటిన బిడ్డ, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి తీసే పట్టకారు) వాడకం, భుజాలు ఇరుక్కోవడం కూడా ముప్పును పెంచుతాయి.

చిరుగుల్లో నాలుగు స్థాయులున్నాయి. మొదటిది చర్మం, లోపలి పొర మాత్రమే గీరుకుపోవడం. చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు. రెండోది పెరీనియం కండరాల దాకా వెళ్తుంది. కుట్లు పడతాయి, మామూలుగా బాగానే మానుతుంది. మూడోది మలద్వారాన్ని బిగించి ఉంచే కండరాన్ని తాకుతుంది. నాలుగోది మలాశయం లోపలి పొర వరకూ పోతుంది. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ లెక్క ప్రకారం తొలిసారి యోని ద్వారా ప్రసవించిన 10 మందిలో 9 మంది వరకూ గీరుకోవడమో, చిరగడమో, కోతో ఏదో ఒకటి చూస్తారు. మూడు, నాలుగు స్థాయుల చిరుగు తొలి కాన్పుల్లో నూటికి ఆరుగురికే. భయపెట్టే కథలన్నీ ఆ ఆరుగురివి. మిగిలిన వాళ్లు పదిరోజుల్లో లేచి తిరుగుతారు కాబట్టి వాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు.

ఇక ఎపిసియోటమీ. ఇది డాక్టరు కత్తెరతో పెట్టే కోత. లోతులో రెండో స్థాయి చిరుగుతో సమానం. అంటే చిరుగుతుందేమోనన్న అనుమానంతో, చిరిగితే పడే గాయమంత గాయాన్ని ముందే చేయడం. 1742లో డబ్లిన్ వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ దీన్ని కష్టమైన కాన్పులకు సూచించాడు. 1920లో షికాగోకు చెందిన జోసెఫ్ డిలీ తొలి కాన్పులన్నిటికీ కోత పెట్టాలని వాదించాక అది అలవాటుగా మారింది. మన మెడికల్ కాలేజీల్లోనూ ‘తొలి కాన్పయితే కోత’ అన్నది తరాల తరబడి సూత్రంలా నడిచింది.

దీనికి చెప్పే సమర్థన ఒకటే: కత్తెర కోత నీటుగా ఉంటుంది, చిరుగు అడ్డదిడ్డంగా ఉంటుంది, కోత ఉంటే పెద్ద చిరుగు రాదు. బట్టల కొట్టులో గుడ్డ చింపే పద్ధతి చూసిన వాళ్లకు దీనిలోని తప్పు తెలిసిపోతుంది. అంచు గట్టిగా ఉన్న గుడ్డను రెండు చేతులతో లాగినా చిరగదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే చర్రున చివరిదాకా పోతుంది. 1993లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో అచ్చయిన అర్జెంటీనా అధ్యయనం 8 ఆస్పత్రుల్లో 2,606 మందిని పరిశీలించింది. ఒక గుంపులో 82.6 శాతం మందికి కోత పెట్టారు, రెండో గుంపులో 30.1 శాతం మందికే. తీవ్రమైన చిరుగులు ఎక్కువ కోసిన గుంపులో 1.5 శాతం, తక్కువ కోసిన గుంపులో 1.2 శాతం. కోత ఏ రక్షణా ఇవ్వలేదు. నొప్పి, కుట్లు విడిపోవడం వంటి ఇబ్బందులు కూడా ఎక్కువ కోసిన గుంపులోనే ఎక్కువ. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూటిగా చెప్పింది: మామూలు కాన్పులో అందరికీ అలవాటుగా కోత పెట్టొద్దు.

కోయాల్సి వస్తే..

కోత అవసరమయ్యే సందర్భాలున్నాయి. బిడ్డ గుండె వేగం పడిపోతున్నప్పుడు, ఫోర్సెప్స్ వాడుతున్నప్పుడు, భుజాలు ఇరుక్కుని చెయ్యి లోపలికి పెట్టాల్సి వచ్చినప్పుడు అది ప్రాణం కాపాడే పని. అప్పుడు ఎలా కోస్తున్నారన్నదే అసలు విషయం.

ముందు మత్తు. 0.5 శాతం లిగ్నోకైన్ 10 మిల్లీలీటర్లు చర్మం కిందా, కండరంలోకీ ఎక్కించాలి. మందు రక్తనాళంలోకి పోకుండా సిరంజిని వెనక్కి లాగి చూసుకోవాలి. 2 నిమిషాలు ఆగి, చిన్న పట్టకారుతో అక్కడ గిల్లి చూడాలి. ఆమెకు తెలిస్తే ఇంకో 2 నిమిషాలు ఆగాలి. మన లేబర్ రూముల్లో ఎగిరిపోయేది ఈ మెట్టే. ‘తల ఒత్తిడికి సాగి ఉన్నప్పుడు చర్మానికి ఎలాగూ తెలియదు’ అంటారు. కోతప్పుడు కొంతవరకు అది నిజమే కావచ్చు. బిడ్డ బయటికి వచ్చాక సాగిన చర్మం మళ్లీ మామూలైపోతుంది, అప్పుడు ప్రతి సూదీ తెలుస్తుంది. ‘కోత కంటే కుట్లే నరకం’ అని బాలింతలు అనేది అందుకే. కుట్టేముందు మళ్లీ మత్తు ఇచ్చి తీరాలి. అడిగి ఇప్పించుకోవాల్సిన స్థితి ఉండటమే తప్పు.

తర్వాత సమయం. పెరీనియం పలచబడి, నొప్పి వచ్చినప్పుడు 3-4 సెంటీమీటర్ల మేర తల కనిపించే వరకూ కోయకూడదు. ముందే కోస్తే రక్తం ఎక్కువ పోతుంది.

ఆ తర్వాత కోణం. నడిమధ్య గీత నుంచి పక్కకు 60 డిగ్రీల్లో కోయాలి. బూర ఊదినప్పుడు దానిమీద గీసిన గీత, గాలి తీసేశాక ఎలా మారుతుందో ఇక్కడా అంతే. తల ఒత్తిడికి ఉబ్బి ఉన్నప్పుడు 40 డిగ్రీల్లో పెట్టిన కోత, కుట్టే సమయానికి 20 డిగ్రీల చిల్లరకు జారి మలద్వారం దగ్గరకు వచ్చేస్తుంది. పెద్ద చిరుగు రాకుండా పెట్టామన్న కోతే అలా పెద్ద చిరుగుకు దారి తీస్తుంది. చాలామంది కంటి అంచనాతో 60 అనుకుని 40-45లోనే కోస్తారు.

అన్నిటికంటే ముందు మాట. ‘అమ్మా, పాప గుండె వేగం తగ్గుతోంది, తొందరగా బయటికి తేవాలి. మత్తిచ్చి చిన్న కోత పెడతాను, సరేనా?’ అనడానికి పట్టేది ఐదు సెకన్లు. చేరిన రోజు పది కాగితాల మీద పెట్టించుకున్న సంతకం ఈ మాటకు బదులు కాదు.

చిరక్కుండా చేసే పనులు

మన దగ్గర మామూలుగా కనిపించే దృశ్యం ఇది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కడతారు. ‘ఊపిరి బిగబట్టి ముక్కు, ముక్కు’ అని నలుగురూ అరుస్తారు. ఒకరు మోచేత్తో పొట్ట పైభాగాన్ని కిందికి నొక్కుతారు. ఇలా పొట్ట నొక్కడాన్నీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. తల ఒక్కసారిగా బుస్సున బయటికి రావడమే చిరగడానికి పెద్ద కారణం. ఇక్కడ చేస్తున్నదంతా అలా వచ్చేలాగే ఉంది.

చేయాల్సింది దీనికి పూర్తిగా ఎదురు. పక్కకు తిరిగి పడుకోవడం, మోకాళ్ల మీద ముందుకు వంగడం, కూర్చోవడం, వీటిలో ఆమెకు ఏది వీలైతే అది చేయనివ్వాలి. ముక్కాలనిపించినప్పుడే ముక్కనివ్వాలి. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, పెరీనియం మీద అదిమి పెడితే తీవ్రమైన చిరుగులు తగ్గుతాయని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. వేడినీళ్లు, గుడ్డ, పట్టుకునే ఒక చెయ్యి. జిల్లా ఆస్పత్రిలో ఈ మూడూ దొరకవా?

చివరి రెండు మూడు నిమిషాలు మరీ ముఖ్యం. తలలో వెడల్పైన భాగం ద్వారం దగ్గరకు వచ్చి, నొప్పి తగ్గినా వెనక్కి జారకుండా నిలిచిపోతుంది. నిప్పు పెట్టినట్టు మంట. ‘చిరిగిపోతున్నాను’ అని ఆమెకు అనిపించేది అప్పుడే. నిజానికి అది చర్మం సాగుతున్న మంట. అప్పుడు ముక్కడం ఆపి, నోరు తెరిచి చిన్న చిన్న ఊపిర్లు తీయమనాలి. కాన్పు చేసేవాళ్లు ఎడమచేతి వేళ్లు తల మీద ఆనించి వేగాన్ని అదుపు చేయాలి. కుడిచేతిలోని ప్యాడ్‌తో పెరీనియాన్ని ఆసరాగా పట్టుకోవాలి, బొటనవేలూ చూపుడువేలూ రెండు పక్కల నుంచి చర్మాన్ని మధ్యకు దగ్గర చేయాలి. తల వచ్చాక భుజాల కోసం లాగకూడదు. మరో నొప్పి వచ్చేదాకా ఆగాలి. తల నెమ్మదిగా వచ్చినా భుజాలు గుంజి చింపిన కాన్పులు తక్కువేమీ కావు.

ఈ పనికి ఓపిగ్గా పక్కన ఉండే మనిషి కావాలి. అందుకే మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సుల సేవ. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. శిక్షణ పొందిన నర్సును లేబర్ రూమ్‌లో నిలకడగా ఉంచకుండా వేరే వార్డు డ్యూటీలకు తిప్పితే ఆ 18 నెలలు బూడిదలో పోసినట్టే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలని 2016లోనే కేంద్రం చెప్పింది. అమ్మో అత్తో పక్కనుంటే అరుపులూ తిట్లూ వాటంతటవే తగ్గుతాయి.

ఇంట్లో చేసుకోగలిగింది కూడా ఉంది. 34-35 వారాల నుంచి వారానికి ఒకటి రెండుసార్లు పెరీనియం మర్దన. గోళ్లు కత్తిరించి, చేతులు కడుక్కుని, దిండ్లకు ఆనుకుని కూర్చోవాలి. కొబ్బరినూనె రాసుకున్న బొటనవేళ్లను 3-4 సెంటీమీటర్లు లోపలికి పెట్టి, కిందికీ పక్కలకూ కొద్దిగా చురుక్కుమనే వరకూ నొక్కి నిమిషం ఆగాలి. తర్వాత ఆ అంచునే అర్ధచంద్రాకారంలో అటూ ఇటూ రాయాలి. మొత్తం 5 నుంచి 10 నిమిషాలు. పొట్ట అడ్డొచ్చి చెయ్యి అందకపోతే భర్త సాయం చేయొచ్చు. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా చేయకూడదు. దీన్నేదో మంత్రంలా చెప్పడం సరికాదు. తొలి కాన్పు వాళ్లలో 15 మంది చేస్తే ఒకరికి కుట్లు తప్పుతాయి. కానీ ఆ సాగే మంట ఎలా ఉంటుందో ముందే తెలియడం వల్ల ఆ క్షణంలో కంగారు తగ్గుతుంది. నా దృష్టిలో అసలు లాభం అదే.

కుట్లు పడ్డాక

కుట్టడానికి ముందూ తర్వాతా మలద్వారంలో వేలు పెట్టి పరీక్షించాలి. ఇది ఇబ్బందిగానే ఉంటుంది, అయినా తప్పించకూడదు. ఈ పరీక్ష లేకపోతే మూడో స్థాయి చిరుగును రెండోదనుకుని పైన కుట్టేస్తారు. తర్వాత గ్యాస్ ఆపుకోలేకపోవడం, మలం చారలు అంటడం మొదలవుతుంది. ‘పిల్లలు పుట్టాక అంతే’ అనుకుని ఏళ్ల తరబడి పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసే వాళ్లున్నారు. అది సహజం కాదు, వైద్యం ఉంది. అలాగే బిగుతు కోసమంటూ ‘ఒక కుట్టు ఎక్కువ’ వేయడం వైద్యం కాదు. అది భార్యాభర్తల కలయికను నొప్పిగా మార్చే గాయం.

ఇంటికి వచ్చాక కుట్లకు అతి పెద్ద శత్రువు మన పథ్యం. నీళ్లు గ్లాసుల లెక్కన కొలిచి ఇవ్వడం, ఆకుకూరలూ కూరగాయలూ ఆపేసి అన్నంలో కారప్పొడి, నెయ్యి మాత్రమే పెట్టడం. నాలుగో రోజుకు మలం రాయిలా అవుతుంది. కుట్లు విడిపోతాయేమోనన్న భయంతో ఆమె ఇంకా ఆపుకుంటుంది, అది ఇంకా గట్టిపడుతుంది. పాలిచ్చే తల్లికి రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్లు కావాలి. పప్పు, ఆకుకూర, అరటిపండు, బొప్పాయి పెట్టండి. అవసరమైతే మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ డాక్టరే రాసిస్తారు. మొదటి ఒకటి రెండు రోజులు ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి 10-20 నిమిషాలు పెడితే వాపు తగ్గుతుంది. మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడిగి, ఒత్తి తుడిచి ఆరబెట్టుకుంటే చాలు. కుట్ల కింద నిప్పుల సెగ, సాంబ్రాణి పొగ పెట్టకండి. కరిగిపోయే దారమైతే ఆరు వారాల్లోపు దానంతటదే పోతుంది. వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ తగ్గకుండా పెరిగినా, కుట్టు విచ్చుకున్నా ఆరోజే చూపించాలి.

డిశ్చార్జి కాగితం మీద ‘నార్మల్ డెలివరీ, కుట్లు వేశాం’ అని రాసి ఊరుకుంటారు. చిరుగు ఏ స్థాయిదో, కోత పెట్టారో లేదో, ఎందుకు పెట్టారో రాయించుకోండి. మూడు, నాలుగు స్థాయుల చిరుగు పడి, మలం ఆపుకోలేని ఇబ్బంది ఇంకా ఉన్న తల్లికి తర్వాతి కాన్పు సిజేరియన్‌గా చేయడం గురించి మాట్లాడటం సబబే. రెండో స్థాయి చిరుగు పడి మానిపోయిన తల్లికి అందుకోసం పొట్ట కోయాల్సిన పనిలేదు. రెండో కాన్పుకు వేరే ఊళ్లో, వేరే డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఈ తేడా చెప్పగలిగేది ఆ కాగితం ఒక్కటే.