సవరణ: అయాన్ ఛాంబర్ రీడింగ్‌కు ఏ పీడనం వాడాలి

లీనాక్ (క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స ఇచ్చే యంత్రం) డోస్‌ను అయాన్ ఛాంబర్‌తో (రేడియేషన్‌ను కొలిచే, గాలి ఉండే చిన్న పరికరం) కొలవడంపై పెట్టిన గత పోస్టులో, గాలి పీడనాన్ని వాతావరణ యాప్ నుంచి తీసుకోవచ్చని ఉంది. తీసుకోకూడదు. యాప్ సాధారణంగా చూపేది సముద్రమట్టానికి మార్చిన పీడనం. ఛాంబర్‌కు కావలసింది కొలత తీసే గదిలోని అసలు పీడనం. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అసలుది 95 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది, యాప్‌లో 101.

నీటిలో ఉంచిన ఛాంబర్ రీడింగ్‌ను గుణించాల్సిన గుణకం: (273.2 + నీటి ఉష్ణోగ్రత)/293.2 × 101.325/పీడనం. నీరు 22 డిగ్రీలుంటే 95తో 1.074, 101తో 1.010 వస్తాయి. అంటే డోస్ సుమారు 6 శాతం తక్కువగా కనిపిస్తుంది. అది నమ్మి మెషిన్ అవుట్‌పుట్ పెంచితే ప్రతి రోగికీ అంత ఎక్కువ పడుతుంది. నెలవారీ పరీక్షలో అనుమతించే తేడా 2 శాతమే!

క్యాలిబ్రేట్ చేసిన బారోమీటర్‌నే వాడండి. ఛాంబర్ సర్టిఫికెట్‌లో రిఫరెన్స్ ఉష్ణోగ్రత 22 డిగ్రీలని ఉంటే 293.2 (ఇది 20 డిగ్రీలకు) బదులు 295.2 వేయాలి.