సవరణ: లావుతోక మరుగుజ్జు లెమూర్ నిద్ర

మడగాస్కర్‌లోని ఈ రాత్రిచర లెమూర్ చలికి తాళలేక నెలల తరబడి నిద్రపోతుందని, అన్నాళ్లూ దాని ఒళ్లు చల్లగానే ఉంటుందని మొన్న రాశాను. రెండూ తప్పే. చలిదేశాల జంతువుల సంగతిని దీనికీ అంటగట్టాను.

అడవిలోనే వాటి ఉష్ణోగ్రత కొలిచిన పరిశోధకులు 2004లో ప్రచురించిన పత్రం అసలు విషయం చెబుతోంది. పశ్చిమ మడగాస్కర్‌లో ఆ నెలల్లోనూ పగటి వేడి 30 డిగ్రీలు దాటుతుంది. లెమూర్‌ను పడుకోబెట్టేది వానల్లేని కాలంలో వచ్చే తిండి, నీటి కరవు. అది దూరిన చెట్టుతొర్ర గోడలు పలచనివైతే, తొర్రతోపాటే దాని ఒంటి వేడీ ఒక్క రోజులోనే దాదాపు 20 డిగ్రీల మేర పెరిగి తగ్గుతుంది. ఎంత అద్భుతం!

ఏడు నెలలదాకా తోకలోని కొవ్వే దానికి ఆధారమని రాసింది మాత్రం సరైనదే.