ఇబ్బంది ఏమీ లేదండీ

చవక ఇంటర్నెట్ ఫోను పథకాన్ని నేను తొందరపడి తీసుకున్నానని మా ఇంట్లో అందరూ అంటారు గానీ, అది అన్యాయం. మూడు రాత్రులు కూర్చుని, కాగితం మీద నిలువుగీతలూ అడ్డగీతలూ గీసి, పాత తీగ ఫోనుకు ఏడాదికి అయ్యే ఖర్చు ఒక వైపూ, కొత్తదాని నెల అద్దె, అడాప్టరు ఖరీదు, పాత నంబరును మార్పించుకునే రుసుము, చీమతలకాయంత అక్షరాలలో ఉన్న పన్నులూ మరొక వైపూ వేసి మరీ తీసుకున్నాను. ‘అపరిమిత కాల్స్’ అన్న మాట పక్కనున్న చుక్కగుర్తును పట్టుకుని పేజీ అడుగుకు దిగి, ఆ అపరిమితానికీ ఒక పరిమితి ఉందని కనిపెట్టినవాణ్ణి నేను. అన్నీ కలుపుకున్నా ఖర్చు మూడో వంతుకు దిగింది. కాగితం చూపిస్తే మా ఆవిడ, “మాట సరిగ్గా వినిపిస్తుందా?” అని ఒక్కటే అడిగింది. ఆ గడి నా పట్టికలో లేదు.

అయినా నేను తడబడలేదు. ఈ ఫోను మన గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే సెకనుకు 50 చొప్పున తరిగి, పొట్లాలు కట్టి పంపుతుందనీ, దానికి సెకనుకు 100 కిలోబిట్ల లోపు దారి చాలుననీ, మన కనెక్షను అంతకు వందల రెట్లనీ వివరించాను. ఆ వందల రెట్లు డౌన్‌లోడ్ లెక్క అనీ, మన గొంతు బయటికి వెళ్ళేది అప్‌లోడ్ అనే సన్నని సందులోంచి అనీ నాకు అప్పుడు తట్టలేదు.

అడాప్టరును రౌటరుకూ, పాత ఫోనును అడాప్టరుకూ తగిలించిన సాయంత్రమే మా మావగారు ఫోను చేశారు. “అల్లుడుగారూ, వచ్చే వారం మేమిద్దరం వచ్చి ఓ నెల ఉందామనుకుంటున్నాం. మీకేమైనా ఇబ్బందా?” ఆయన మాట గంట కొట్టినట్టు వినిపించింది. నేను పొంగిపోయి, “మీరు వస్తే మాకు ఇబ్బంది ఏమీ లేదండీ! నెల ఏమిటి, రెండు నెలలుండండి!” అన్నాను.

సరిగ్గా అప్పుడే పక్కగదిలో మావాడు ఏడాదిపాటు తీసిన వీడియోలన్నిటినీ ఒక్కసారిగా అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టాడు. ‘ఏమీ లేదండీ’ అనడానికి అర సెకను పైచిలుకు పడుతుందనుకుంటే, ఓ 30 పొట్లాలు ఆ వీడియోల వెనుక వరుసలో నిలబడిపోయాయి. ఆలస్యంగా చేరిన పొట్లాన్ని అవతలి యంత్రం విప్పి చూడదు, పారేస్తుంది. ‘రెండు నెలలుండండి’ కూడా అదే దారి పట్టింది. కాదు, లేదు, వద్దు లాంటి ప్రాణం ఉన్న మాటలన్నిటినీ వాక్యం చివరికి అట్టిపెట్టుకునే మన భాషకు ఈ ఫోను ఎంత ప్రమాదకరమో ఎవరైనా ఆలోచించారా? మావగారికి చేరినది ఇది: “మీరు వస్తే మాకు ఇబ్బంది... నెల ఏమిటి?”

అటు నిశ్శబ్దం. గొంతు అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ కుంటుపడుతుందని చదివి ఉన్నాను కనుక, అదే కాబోలని ఓపికగా ఆగాను. పది సెకన్ల తర్వాత, “సరేనండి, ఉంటాను” అని పెట్టేశారు. పెళ్ళయిన నాటినుంచీ ‘అల్లుడుగారూ’ అనకుండా ఆయన ఫోను పెట్టెయ్యడం అదే మొదలు.

కాసేపటికి మా ఆవిడ సెల్లు మోగింది. అవతల అత్తయ్యగారు. మాట్లాడడం ముగించి, “మా నాన్నను ఏమన్నారు మీరు?” అని మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. నేను పరుగున వెళ్ళి నంబరు నొక్కబోతుండగా కరెంటు పోయింది. రౌటరు దీపాలు ఆరిపోయి, ఫోను కొయ్యబారిపోయింది. పాత ఫోనుకైతే ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టుల కరెంటు ఆ రాగితీగలోనే వచ్చేది. ఇల్లంతా చీకటైనా అది మోగేది. దాన్ని రద్దు చేయించిన రసీదు నా పట్టికకే గుచ్చి ఉంది.

చివరికి ఆవిడ సెల్లునే బతిమాలి పుచ్చుకుని, ముక్కలూ పొట్లాలూ వీడియోలూ అన్నీ మావగారికి విడమరచి, నేనన్న రెండు వాక్యాలనూ ఒక్కొక్క మాటా ఒత్తి పలికి వినిపించాను.

ఆయన అంతా విని, “అయితే రెండు నెలలన్నమాట, అల్లుడుగారూ!” అన్నారు.

ఆ మాటలో ఒక్క ముక్కైనా జారిపోలేదు.