చింతపండు గారికి, ఒక చుక్క విషయమై

మహారాజశ్రీ చింతపండు గారి దివ్యసముఖానికి,

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. మార్గశిర లక్ష్మివారం పూజకి తమ ధర్మమా అని ఇత్తడి పళ్ళెం, రాగి చెంబు, కుందులు అన్నీ ధగధగలాడాయి. కలశం ముందు పెట్టే ముసలి విక్టోరియా రూపాయి కూడా ధగధగలాడింది. గొడవంతా దాని గురించే.

ఆ రూపాయి మీద 1862 అని ఉంటుంది. అది పుట్టిన ఏడని నమ్మడానికి లేదు. 1874 దాకా రూపాయల మీద అదే తేదీ వేసి కొట్టారు. బొంబాయి టంకశాల వాళ్ళు మాత్రం తేదీ కింద సన్నటి చుక్కలు పెట్టి, వాటి లెక్క మారుస్తూ పోయారు. అది వెండి ధరకి పోయే రూపాయా, నాణేలు పోగుచేసేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే రూపాయా అన్నది ఆ చుక్కలే చెప్పాలి. ఆవగింజ ముక్కంత చుక్క. మొలతాడు మూటల్లో, కుండల అడుగున, గోడ సందుల్లో నూటయాభై ఏళ్ళు బతికింది. తమ దగ్గర పది నిమిషాలు ఆగలేకపోయింది.

"వెండిని నేనేం చేశాను?" అంటారు. కొంత నిజమే. ఆ రూపాయిలో నూటికి 91.7 పాళ్ళు వెండి, మిగతాది రాగి. తమ పులుపు పట్టేది రాగినే. కానీ తమరు ఒంటరిగా ఎప్పుడొచ్చారు గనక? ఒక పక్క పొయ్యి బూడిద, ఇంకో పక్క కొబ్బరి పీచు. ఆ తోముడు తర్వాత 10 రెట్ల భూతద్దం పెడితే నాణెం దున్నిన మడిలా కనిపిస్తుంది. చుక్క అంచు అరిగి చుట్టూ ఉన్న వెండిలో కలిసిపోతుంది. రెండు చుక్కల సందున బూడిద ఇరుక్కుని ఎండితే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఆపైన కుంకుమ బొట్టు. టంకశాల పెట్టిన చుక్క పోయింది, పూజలో పెట్టిన బొట్టు మిగిలింది!

చుక్కని ఎలా చూడాలో తమకి తెలియదు గనక మనవి చేస్తున్నాం. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. దీపం నెత్తిమీద ఉండకూడదు, పక్కనుంచి, బల్లకి దగ్గరగా ఉండాలి. నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూస్తే, పైకి లేచిన చుక్క నీడ దీపానికి అవతలి పక్క పడుతుంది. దెబ్బ తగిలిన గుంటైతే దీపం వైపు అంచే చీకటిగా ఉంటుంది. మట్టి అని అనుమానం వస్తే డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి, మెత్తటి నూలుగుడ్డ మీద అద్దాలి. రుద్దకూడదు. దీపం నూనె జిడ్డుకి అసిటోన్, గాజు గిన్నెలో, పొయ్యికి ఆమడ దూరంలో. గోళ్ళరంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో నూనెలూ సెంట్లూ కలుపుతారు. ఇంత చేసినా నల్లగా ఉంటే నల్లగానే ఉండనివ్వాలి. ఆ నలుపు మురికి కాదు మహాప్రభో, వెండి చర్మం.

టూత్‌పేస్టు గారికి విడిగా రాస్తాం. మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బమ్‌లకి కూడా, నాణేలకి పచ్చటి జిగురు పూస్తున్నందుకు. రూపాయల దండలకి కొక్కెం అతికేటప్పుడు నాణెం మీది పై పువ్వుని కరగబెట్టే వాళ్ళకి రాసి లాభం లేదు.

ఇక ఐదో జార్జి రూపాయి. 1911 అచ్చులో రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని రగడ లేచింది. కొట్టినవి సుమారు 94 లక్షలు, బయటికెళ్ళినవి 7 లక్షలు. మిగతావి కరిగించి, 1912 నుంచి తొండం కనబడేలా దిద్దారు. తమరు తోమితే 1912 ఏనుగు కూడా పందే అవుతుంది. దాన్ని చేతపట్టుకుని "1911ది దొరికింది!" అని ఒకడు ఎగురుతాడు, తేదీ వైపు తిప్పి చూడడు. గజపతి జిల్లాలో కూర్చుని ఏనుగు తొండం అరగదీస్తారా?

ఇంక మర్యాద అక్కర్లేదు. కాణీని ఏం చేశావో చెప్పు. రాగి మీద ఆ గోధుమరంగు పొర పట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. నీ పులుపు దాన్ని నిమిషాల్లో కరిగించేసింది. అడుగున పచ్చి గులాబీ రంగు. రెండు వానలు పడితే మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, పాత రంగు మళ్ళీ రాదు. దాన్ని చూసి "కొత్తదానిలా ఉంది" అని మురిసిపోవడమా? పాత నాణెం కొత్తదానిలా ఎందుకుండాలి, ఎవడికి కావాలి?

1936లో ఈ ఊరు మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వచ్చింది. బజార్లో నువ్వు ఒడియా పేరుతో తెంతుళివయ్యావు. తోముడు మాత్రం మానలేదు.

పులుసులో నీకు సాటి లేదని ఒప్పుకుంటాం. రాత్రి బెండకాయ పులుసులో నువ్వే ఉన్నావు, రెండోసారి వడ్డించుకున్నాం కూడా. వచ్చే లక్ష్మివారం పళ్ళెం, చెంబు, కుందులు నీకే వదిలేస్తాం. రూపాయి మాత్రం అలాగే నల్లగా పీట ఎక్కుతుంది.

ఇట్లు,
తేదీ కింద ఒకప్పుడున్న చుక్క తరఫున